పాత వెండి రూపాయి నల్లగా ఉంటే మంచిదా, మెరిస్తే మంచిదా? తేల్చుకోవడం ఎలా

బీరువాలోనో దేవుడి గదిలోనో నాలుగు రాణి బొమ్మ రూపాయలు ఉన్నవాళ్ళు అడిగేది దాదాపు ఒకటే: "నల్లబడిపోయాయండీ, తోమిస్తే రేటు పెరుగుతుందా?" కొత్తగా నాణేలు కొనడం మొదలుపెట్టినవాళ్ళు దాన్నే ఇంకోలా అడుగుతారు: "రెండూ ఒకే ఏడాదివి, ఒకటి తెల్లగా తళతళలాడుతోంది, ఇంకోటి నీలం, ఊదా కలిసిన ముదురు రంగులో ఉంది, రెంటిలో ఏది కొనాలి?"

మొదటి ప్రశ్నకి జవాబు సులువు. తోమకండి, తోమించకండి. రెండోదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం, ఎందుకంటే నల్లటి నాణేల్లోనూ మంచివీ చెడ్డవీ ఉంటాయి, తెల్లటివాటిలోనూ ఉంటాయి. టంకశాలలో అచ్చు పడ్డప్పుడు వచ్చిన పైపొర ఇంకా అలాగే ఉందా, ఎవరైనా దాన్ని కదిలించారా అన్నది ముందు చూడాలి. అది తేలాక రంగు మీ ఇష్టం. ఈ పని ఇంట్లో కూర్చుని ఎలా చేసుకోవాలో వరసగా చెప్తాను.

ముందు రెండు ముక్కలు తెలియాలి

గాలిలో ఉండే గంధకం వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్, వెండిని తాకితే పైన సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. దీన్నే నాణేలవాళ్ళు టోనింగ్ అంటారు. పొర చాలా పలచగా ఉన్నప్పుడు లేత పసుపు, కొంచెం మందమైతే ముదురు బంగారు రంగు, తర్వాత ఎరుపు కలిసిన ఊదా, ఆపైన నీలం, ఇంకా పెరిగితే మళ్ళీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ, చివరికి నలుపు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్ళాక చాలా ఉపయోగపడుతుంది.

ఇక ఎవరికి ఏది ఇష్టం అన్న సంగతి. అమెరికాలో మోర్గాన్ డాలర్లని (1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో వేసినవి) ప్రభుత్వ ఖజానాలో గుడ్డ సంచుల్లో పోసి ఏళ్ళ తరబడి ఉంచారు. సంచి గుడ్డకి ఆనుకున్న నాణేలకి ఒక పక్కన ఇంద్రధనుస్సు రంగులు వచ్చాయి, ఇప్పుడు అలాంటివి మామూలు ధరకి ఎన్నో రెట్లు పెట్టి కొనేవాళ్ళు ఉన్నారు. అదే దేశంలో ఒకప్పుడు తెల్లగా ఉంటేనే మంచిదని లెక్కలేనన్ని నాణేల్ని యాసిడ్ ద్రావణంలో ముంచి తీశారు, ఇప్పటికీ తెల్లటి డాలరే కావాలనేవాళ్ళకి కొదవ లేదు. ఇంగ్లండులో పాత తరం సేకర్తలు మహాగని చెక్క అరల్లో నాణేలు పెట్టేవాళ్ళు, అందులో నెమ్మదిగా వచ్చే బూడిదరంగు టోనింగ్ అంటే వాళ్ళకి గౌరవం. మన దగ్గర షాపుల్లో ఇంకా మెరుపుకే మొగ్గు. "వెండి అంటే తెల్లగా ఉండాలి కదా" అనుకోవడం వల్ల చాలా మంచి రూపాయలు చింతపండు పాలయ్యాయి. కానీ వేలంలో పెద్ద డబ్బు పెట్టేవాళ్ళు మన దేశంలోనూ కదిలించని పైపొరనే అడుగుతున్నారు.

కావలసినవి

- మెత్తటి నూలు గుడ్డ, బల్ల మీద పరవడానికి. నాణెం జారినా దెబ్బ తగలకుండా.
- ఒకే బల్బు ఉన్న టేబుల్ ల్యాంపు. ట్యూబ్‌లైటు కింద లస్టర్ (అచ్చు పడ్డప్పుడు వచ్చిన మెరుపు) సరిగా కనిపించదు.
- పది రెట్లు పెద్దగా చూపించే లూప్. మామూలు భూతద్దంతో మొదలుపెట్టినా పరవాలేదు.
- 0.01 గ్రాము వరకు చూపించే చిన్న త్రాసు.
- ఒక అయస్కాంతం.
- డిస్టిల్డ్ వాటర్, స్వచ్ఛమైన అసిటోన్, రెండు మూడు గాజు గిన్నెలు. ఇవి అందరికీ అవసరం లేదు, 5వ మెట్టు చదివాక కావాలనిపిస్తేనే కొనండి.
- ఫోన్ కెమెరా.

బ్రష్షు, టిష్యూ, దూది, రబ్బరు ఈ జాబితాలో లేవు. బల్ల మీద నుంచి కూడా తీసేయండి.

1. నాణేన్ని అంచులతో పట్టుకోండి, తూచండి, ఏదో తెలుసుకోండి

బొటనవేలు, చూపుడువేలుతో అంచు మీదే పట్టుకోవాలి. బొమ్మ మీద వేలు పెడితే ఇవాళ ఏమీ కనిపించదు, కొన్ని నెలల తర్వాత వేలిముద్ర గోధుమరంగులో బయటపడుతుంది, అది ఇక పోదు.

బ్రిటిష్ ఇండియా రూపాయి 1835 నుంచి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో వెండి సగమే, మిగతాది రాగి, నికెల్, జింకు. 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉండేది, అసలు వెండే కాదు, నికెల్. అయస్కాంతానికి అంటుకుంటుంది. దాన్ని వెండి అనుకుని టోనింగ్ గురించి ఆలోచించేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది ముందే చూసుకోండి. నిజాం చార్మినార్ రూపాయి, హాలి సిక్కా, సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం.

ఈ అంకెలు ఎందుకంటే, వెండి శాతం మారితే రంగు తీరు కూడా మారుతుంది. రాగి ఎక్కువున్న హాలి సిక్కా గోధుమరంగుకి తిరగడం మామూలే. సగం వెండి ఉన్న 1940ల రూపాయలు బూడిదరంగులో మొద్దుగా కనిపిస్తాయి, వాటిలో విక్టోరియా రూపాయి రంగులు వెతక్కండి. బాగా అరిగిన నాణెం బరువు కొంచెం తగ్గుతుంది, అది సహజం. అరుగుదల లేకుండా బరువు బాగా తేడా వస్తే మాత్రం ఇక టోనింగ్ సంగతి వదిలేసి నకిలీయేమో చూసుకోవాలి.

2. దీపం కింద వంచుతూ తిప్పండి

గదిలో మిగతా లైట్లు ఆపేసి టేబుల్ ల్యాంపు ఒక్కటే వేయండి. నాణేన్ని బల్బుకి కొంచెం కిందగా పట్టుకుని, అటూ ఇటూ వంచుతూ నెమ్మదిగా తిప్పండి. వాడకంలోకి వెళ్ళని నాణెమైతే వెలుగు ఒకచోట నిలవకుండా బండి చక్రం ఆకుల్లా బొమ్మ చుట్టూ తిరుగుతుంది. అచ్చు పడేటప్పుడు లోహం మధ్య నుంచి అంచుకి పారడం వల్ల కంటికి కనిపించని సన్నటి గీతలు ఏర్పడతాయి, ఆ గీతలే వెలుగుని అలా తిప్పుతాయి. అసలు లస్టర్ అంటే ఇదే. మెరుగు పెట్టిన నాణెం కూడా మెరుస్తుంది గానీ ఆ వెలుగు తిరగదు, అద్దం మీద పడ్డట్టు ఒకేచోట చదునుగా కొడుతుంది.

టోనింగ్ ఉన్న నాణెంలో కూడా ఇదే పరీక్ష చేయండి. రంగు కింద నుంచి వెలుగు తిరుగుతూ కనిపిస్తే పొర పలచగా ఉంది, కింద లోహం బాగుంది. ఎటు వంచినా మసి పట్టినట్టు చచ్చిపోయి ఉంటే పొర ముదిరి కింద లోహాన్ని తినేసి ఉండొచ్చు. అలాంటి నలుపుని "నేచురల్ టోనింగ్" అని అమ్మేవాళ్ళ మాటకి ఎక్కువ ఇవ్వకండి. సహజమైనదే కావచ్చు, అందంగా లేదు, అంతే.

ఇంకో గట్టి సూత్రం. రాణి జుట్టు పాయలు అరిగిపోయి, చెంప చదునైపోయి ఉన్న రూపాయి తెల్లగా తళతళలాడుతుంటే అది కచ్చితంగా ఎవరో తోమినదే. చేతులు మారి మారి అరిగిన వెండి బూడిదరంగులో ఉండాలి. అరుగుదలా మెరుపూ ఒకేచోట ఉండవు.

3. రంగు సహజంగా వచ్చిందా, తెప్పించిందా చూడండి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు గడపండి.

ముందు రంగుల వరస చూడండి. పైన చెప్పిన వరసలో, తెల్ల వెండికి పక్కన లేత పసుపు, దాని పక్కన ముదురు బంగారం, ఆ తర్వాత ఊదా, నీలం, ఇలా ఒకదాంట్లోంచి ఇంకోటి మెల్లగా మారుతూ ఉండాలి. చాలాసార్లు అంచు దగ్గర ముదురుగా ఉండి లోపలికి వచ్చేకొద్దీ లేతబడుతుంది. తెల్ల వెండి పక్కనే పసుపు అనేదే లేకుండా నేరుగా నీలమో ఆకుపచ్చో మొదలైతే అనుమానించండి. ఆకుపచ్చ రావాలంటే పొర చాలా మందం పెరగాలి, మధ్య మెట్లు ఎక్కడో ఒకచోట కనిపించి తీరాలి.

రెండోది, లూప్‌తో అక్షరాల చుట్టూ చూడండి. "విక్టోరియా" అని రాసి ఉన్న అక్షరాల పక్కన, బొమ్మ అంచుల పక్కన గాలి ఆడే తీరు వేరు కాబట్టి, సహజమైన టోనింగ్ అక్కడ చుట్టుపక్కల కంటే కొంచెం లేతగానో వేరే రంగులోనో ఉంటుంది. పూసినట్టు అక్షరం మీదా పక్కనా ఒకటే రంగు ఉంటే అది రసాయనం పని కావచ్చు.

మూడోది గీతలు. ఇది కొంచెం ఓపికగా అర్థం చేసుకోండి. టోనింగ్ ఉన్న చోట ఒక గీత తెల్లగా మెరుస్తూ కనిపిస్తే, ఆ గీత టోనింగ్ తర్వాత పడింది. గీత లోపల కూడా రంగు ఉంటే, గీత ముందు పడింది, రంగు తర్వాత వచ్చింది. ఒక పక్కకే వెళ్ళే సన్నటి గీతలు గుంపుగా ఉండి, వాటన్నిటి మీదుగా రంగు పరుచుకుని ఉంటే ఎవరో ఒకప్పుడు గట్టిగా తోమారు, ఆ తర్వాత రంగు వచ్చింది, లేదా తోమిన సంగతి దాచడానికి తెప్పించారు. రెంటిలో ఏదైనా ఆ నాణెం "క్లీన్డ్" కిందికే వస్తుంది.

చార్మినార్ రూపాయిలో చూడాల్సిన చోటు ఇంకా తేలిక. మినార్ల మధ్య సందులు, ద్వారం లోపల చిన్న అక్షరం చుట్టూ ఉండే లోతు (ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయల్లో ఆ ద్వారంలో ఐన్ అక్షరం ఉంటుంది), వీటిని లూప్‌తో చూడండి. సందుల్లో మాత్రమే గట్టిగా నలుపు ఉండి, పైకి లేచిన భాగాలూ చదును భాగాలూ తెల్లగా ఉంటే గుడ్డతోనో పొడితోనో రుద్దారు. చేయి వెళ్ళని చోట పాత నలుపు మిగిలిపోయింది. సందులతో సహా అంతా ఒకే తెలుపైతే ద్రావణంలో ముంచారు. అంతా ఒకే మోస్తరు బూడిద, గోధుమ కలిసిన రంగైతే, సందుల్లో కొంచెం ముదురైతే, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

తెప్పించిన రంగులు ఎలా వస్తాయంటే, గంధకం ఉన్న రసాయనాలు, వేడి, ఉడికిన గుడ్డు పక్కన మూత పెట్టి ఉంచడం వంటివి. తొందరగా వచ్చిన రంగు కాబట్టి బొమ్మ ఎత్తుభాగాల మీద కూడా దట్టంగా పడుతుంది, ఊదా నీలం మరీ కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఒక్కోసారి దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన కూడా వస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు కూడా కొన్ని నాణేల విషయంలో ఒక మాట మీద నిలబడలేరు, అందుకే నాణెం స్థితిని చూసి అంకె ఇచ్చే గ్రేడింగ్ సంస్థలు పీసీజీఎస్, ఎన్‌జీసీ కూడా అనుమానం ఉన్నవాటికి అంకె ఇవ్వకుండా రంగు సందేహాస్పదం అని రాసి పంపిస్తాయి. మీకు తేలకపోతే తేలలేదని ఒప్పుకుని, రంగుకి అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

4. తెల్లటి నాణేల్ని కూడా అంతే అనుమానంగా చూడండి

నూరేళ్ళు దాటిన వెండి పూర్తిగా తెల్లగా ఉండటం అసాధ్యం కాదు, గాలి తగలకుండా కట్టల్లో మూటల్లో ఉన్నవి అలా ఉంటాయి. కానీ అరుదు. మార్కెట్లో కనిపించే తెల్లటి విక్టోరియా రూపాయల్లో ఎక్కువ భాగం ఎప్పుడో ఒకప్పుడు డిప్ చేసినవే అని నా అభిప్రాయం.

డిప్ అంటే థయోయూరియా, యాసిడ్ కలిసిన ద్రావణంలో క్షణాలపాటు ముంచి కడగడం. ఇది సల్ఫైడ్ పొరని తీసేస్తుంది. ఆ సల్ఫైడ్‌లో ఉన్నది నాణెం నుంచి వచ్చిన వెండే కదా, కాబట్టి పొరతో పాటు నాణెం పైభాగం కూడా కొంచెం పోతుంది. ఒకసారి, అదీ త్వరగా చేస్తే లస్టర్ దాదాపు నిలుస్తుంది, గ్రేడింగ్‌లో కూడా తేలిగ్గా గట్టెక్కుతుంది. రెండు మూడు సార్లు చేస్తే 2వ మెట్టులో చెప్పిన ఆ సన్నటి గీతలు కరిగిపోయి వెలుగు తిరగడం ఆగిపోతుంది. తెల్లగానే ఉంటుంది, ప్రాణం ఉండదు. సరిగా కడక్కపోతే కొన్నాళ్ళకి అక్షరాల పక్కన పసుపు, గోధుమ మరకలు బయటపడతాయి.

మెరుగు పెట్టినది ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. నగల షాపులో బఫింగ్ చక్రం మీద పెట్టినదైతే అక్షరాల అంచులు గుండ్రబడి, చదును భాగం అద్దంలా అయిపోయి ఉంటుంది. అంచు మీద కూడా చూడండి, దండల్లో నగల్లో వాడిన రూపాయలకి కొక్కెం అతికించిన చోట టంకం మరక, చిన్న గుంత, అంచు గీతలు చెరిగిపోవడం కనిపిస్తాయి. లంబాడీల నగల్లో, కాసుల దండల్లో ఉన్న రూపాయలు చాలా మార్కెట్లోకి వస్తాయి. వాటి కథ గొప్పదే, నగగా వాటి విలువ వేరు. విడిగా సేకర్త కొనే నాణెంగా మాత్రం అది దెబ్బతిన్నదే.

5. ఇప్పుడు ఏం చేయాలో తేల్చుకోండి

నూటికి తొంభై సార్లు జవాబు ఏమీ చేయకండి అనే. మిగతా వాటికి:

*పసుపు, కుంకుమ అంటిన పూజ రూపాయలు.* డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని గంటలు నానబెట్టి, నీళ్ళు మార్చి ఇంకోసారి నానబెట్టండి. రుద్దకండి. తర్వాత అసిటోన్. పసుపు రంగు అసిటోన్‌లో బాగానే కరుగుతుంది. అప్పటికీ మిగిలిన మరకని వదిలేయండి.

*ఆకుపచ్చగా జిగటగా ఉన్న పొర.* ఇది పాత ప్లాస్టిక్ కవర్ల వల్ల వచ్చే పీవీసీ జిగురు. దీన్ని మాత్రం వదిలేయకూడదు, లోహాన్ని తింటుంది. అసిటోన్ పెట్టాలి.

*ఆకుపచ్చగా గట్టిగా రాయిలా ఉన్న చిలుము.* గోకకండి, గుచ్చకండి. తెలిసినవాళ్ళకి చూపించండి, లేదా అలాగే పొడిగా ఉంచండి.

*నలుపు, బూడిద, రంగులు.* ముట్టుకోవద్దు.

అసిటోన్ వాడే తీరు: లాబ్ కెమికల్స్ అమ్మే షాపులో స్వచ్ఛమైనది అడగండి. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, దాంట్లో నూనెలు, రంగులు, సువాసనలు కలుపుతారు. ఇది ఇట్టే అంటుకునే ద్రవం, వంటింట్లో చేయకండి, చుట్టుపక్కల దీపం, అగరబత్తి, సిగరెట్టు, గ్యాస్ పొయ్యి ఏదీ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. పిల్లలకి అందనివ్వకండి. గాజు గిన్నెలోనే పోయండి, కొన్ని ప్లాస్టిక్‌లు కరిగి నాణేనికే అంటుకుంటాయి. నాణెం మునిగేలా పోసి, మూత పెట్టి, పది నిమిషాలు వదిలేయండి. చెక్క పుల్లలతో అంచు పట్టుకుని తీసి, రెండో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ఒకసారి ముంచండి. మొదటి గిన్నెలో కరిగిన మురికి మళ్ళీ నాణెం మీద ఎండిపోకుండా ఉండటానికే ఈ రెండో గిన్నె, దీన్ని మానేసేవాళ్ళే ఎక్కువ. తర్వాత గుడ్డ మీద నిలబెట్టి ఆరనివ్వండి, తుడవద్దు. వేడి చేయకండి. నీళ్ళూ అసిటోనూ రెండూ వాడాల్సి వస్తే నీళ్ళు ముందు, అసిటోన్ చివర.

అసిటోన్ టోనింగ్‌ని తీయదు, వెండిని ముట్టుకోదు. అందుకే ఇది ఒక్కటే ధైర్యంగా చెప్తున్నాను. అసిటోన్ తర్వాత రంగు మొత్తం పోయిందంటే ఆ రంగు సల్ఫైడ్ కాదు, ఎవరో పూసినది. అదీ ఒక పరీక్షే అయింది.

ఫలితం చూసుకోవడానికి, మొదలుపెట్టే ముందు, అయిపోయాక ఒకే ల్యాంపు కింద, ఒకే కోణంలో ఫోటోలు తీయండి. వెలుగు తిరగడం ముందు ఎంత ఉందో తర్వాత అంతే ఉండాలి. కొత్త గీత ఒక్కటి కూడా కనిపించకూడదు.

చేయకూడనివి, ఎందుకో కూడా

చింతపండు, నిమ్మకాయ: యాసిడ్. పొర పోతుంది, కింద లోహం సున్నం వేసినట్టు పాలిపోతుంది.

టూత్‌పేస్టు, విభూతి, గిన్నెలు తోమే పొడి: వీటిలో మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. వేలితో ఎంత మెల్లగా రుద్దినా వేల గీతలు పడతాయి. దీపం కింద పెట్టి చూస్తే గుండ్రంగా తిరిగిన గీతల గూడు కనిపిస్తుంది, దాన్ని ఏ పద్ధతీ బాగుచేయలేదు.

కుంకుడుకాయ రసం: గిన్నెలకి, పట్టీలకి బంగారంలాంటిది. నాణేనికి వద్దు, ఎందుకంటే దానితో పాటు బ్రష్షు కూడా వస్తుంది.

అల్యూమినియం కాగితం, వంటసోడా, వేడి నీళ్ళు: వీడియోల్లో చాలా కనిపిస్తుంది. నిజమే, నలుపు పోతుంది, రుద్దే పని కూడా ఉండదు. కానీ సల్ఫైడ్‌లోని వెండి తిరిగి పైన గరుకుగా పేరుకుని నాణెం మొద్దు బూడిదరంగులో కనిపిస్తుంది. పూజ సామానుకి చేసుకోండి, నాణేనికి వద్దు.

పెన్సిల్ రబ్బరు: రాపిడీ ఉంది, గంధకమూ ఉండొచ్చు.

నగల షాపులో "కాస్త మెరుగు పెట్టించడం" అన్నిటికన్నా పెద్ద నష్టం. షాపు అతను మంచి మనసుతోనే చేస్తాడు, వెండి వస్తువుకి మెరుగు పెట్టడం అతని పని. నాణెం ఇచ్చే ముందే "ఏమీ చేయొద్దు, చూసి చెప్పండి చాలు" అనండి. ముఖ్యంగా 1911 నాటి ఐదో జార్జి రూపాయి లాంటిది చేతికొస్తే. రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ అయి వెనక్కి తీసుకున్న రూపాయి అది. పైపొర చెడకుండా దొరకడమే కష్టం.

6. కొనేటప్పుడు

ఫోటో చూసి రంగుల నాణెం కొనకండి, వీడియో అడగండి. దీపం కింద వంచుతూ తిప్పిన వీడియో. ఫోటోలో రంగులు పెంచడం ఇప్పుడు ఎవరికైనా వచ్చు, కాబట్టి నాణెం వెనకున్న తెల్ల కాగితం లేదా పట్టుకున్న వేళ్ళ రంగు చూడండి, వేళ్ళు ఎర్రగా నీలంగా కనిపిస్తే నాణెం రంగులు కూడా అంతే నిజం.

స్లాబ్‌లో (గ్రేడింగ్ సంస్థ సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టెలో) ఉన్నదైతే దాని మీది నంబరు ఆ సంస్థ సైట్లో వేసి, అక్కడున్న వివరాలు మీ చేతిలో ఉన్నదానికి సరిపోతున్నాయో లేదో చూసుకోండి. "డీటెయిల్స్" అని రాసి ఉంటే ఏదో లోపం ఉందని అర్థం, పక్కనే ఏమి లోపమో ఉంటుంది. ఎన్‌జీసీ లేబుల్ మీద నక్షత్రం గుర్తు ఉంటే చూడటానికి చాలా బాగుందని వాళ్ళు ఒప్పుకున్నట్టు.

ధర గురించి నా పద్ధతి ఇది. ముందు ఆ ఏడాది, ఆ టంకశాల, ఆ స్థాయి అరుగుదలకి మామూలు రంగులో నాణెం ఎంత ఉందో తెలుసుకోండి. అందమైన రంగుకి ఆపైన ఎంత ఇస్తారో మీ ఇష్టం, కానీ ఆ అదనం మళ్ళీ అమ్మేటప్పుడు వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, ఎందుకంటే రంగు కొనేవాడి కంటిని బట్టి ఉంటుంది. మొదటి రెండు మూడేళ్ళు బూడిద, లేత బంగారు రంగుల్లో ఉన్న, ఎవరూ ముట్టని నాణేలు కొనండి. నా దృష్టిలో పాత వెండికి అంతకన్నా అందమైన రంగు లేదు, అమ్మడం కూడా తేలిక.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు తాతగారి రూపాయలు పట్టుకెళ్దామని, లేదా ఇక్కడివాళ్ళు గ్రేడింగ్‌కి అమెరికా పంపిద్దామని అనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఐదో జార్జి వెండి రూపాయలు 1922తో ఆగిపోయాయి, అంటే అవి కూడా ఇప్పుడు ఈ లెక్కలోకి వచ్చేశాయి.

7. దాచేటప్పుడు

మెత్తగా వంగే, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి, వాటిని ఇవాళే తీసేయండి. మైలార్ కవర్లు లేదా గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్స్ వాడండి. అట్ట కవర్లు వాడితే స్టేపుల్ పిన్ను తుప్పు పడుతుంది, నాణేనికి దూరంగా కొట్టి, కాళ్ళు బాగా అణచండి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తుంది.

నాణేల దగ్గర రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రికలు, ఉన్ని గుడ్డ, నాఫ్తలీన్ ఉండలు ఉంచకండి. వంటింటి గోడకి ఆనుకున్న బీరువా కూడా మంచిది కాదు, గుడ్లు, ఉల్లి, వెల్లుల్లి ఆవిరి వెండిని తొందరగా నల్లబరుస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్ళు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలం ముందు, తర్వాత మార్చండి. నాణెం కడిగిన వెంటనే కవర్లో పెట్టకండి, ఒక రాత్రి ఆరనివ్వండి.

ఏడాదికోసారి అన్నీ తీసి, మొదట ఫోటో తీసిన ల్యాంపు కిందే మళ్ళీ ఫోటో తీయండి. రంగు కొంచెం ముదిరితే కంగారు అక్కర్లేదు. ఒక్క ఏడాదిలోనే బాగా మారిపోతే కవరో, పెట్టో, గదో ఏదో గంధకం వదులుతోంది, ముందు కవరు మార్చి చూడండి. కవరు లోపలి వైపు చెమట పట్టినట్టు జిగట కనిపిస్తే నాణేన్ని 5వ మెట్టు ప్రకారం అసిటోన్‌లో ముంచి, కొత్త కవర్లోకి మార్చండి.